గుమ్మడి పువ్వుకు తెల్లవారుజాము ముహూర్తం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. సామెతలోని ఆ దొంగ భుజాన వేసుకుని పోయింది మహా అయితే ఏ పదిహేను కిలోల కాయో అయి ఉంటుంది. అదే 2025 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణం దగ్గర తూకానికి వచ్చిన గుమ్మడికాయ అయితే ఎవరూ భుజాలు తడుముకోవాల్సిన అవసరం రాదు. దాన్ని కదిలించాలంటే క్రేన్ కావాలి మరి!

ఆ కాయ బరువు అక్షరాలా 1,278.8 కిలోలు. అంటే దాదాపు రెండు మారుతి 800 కార్లంత. హాంప్‌షైర్‌కు చెందిన కవల సోదరులు ఇయాన్ పేటన్, స్టూవర్ట్ పేటన్ దాన్ని పండించారు. పదమూడేళ్ల వయసులో పట్టుకున్న సరదా వాళ్లని దాదాపు యాభై ఏళ్ల పాటు వదల్లేదు. చివరికి ప్రపంచ రికార్డు చేతికొచ్చింది.

ఇంత పెద్ద కాయ అనగానే ఎవరికైనా వచ్చే మొదటి సందేహం... ఏం ఎరువు వేశారు, ఎన్ని నీళ్లు పెట్టారు అని. నిజమే, ఎరువూ నీరూ లేకుండా ఏ కాయా ఊరదు. కానీ ఈ పోటీల్లో తలపండినవాళ్లను కదిపితే ముందుగా ఇంకో విషయం చెబుతారు. జూన్ నెలాఖరులోనో, జులై మొదటి వారంలోనో వచ్చే ఒక తెల్లవారుజాము గురించి. ఆ పూట వాళ్లు అలారం పెట్టుకుని లేస్తారు. చెప్పులు చప్పుడు కాకుండా తోటలోకి వెళతారు. తేనెటీగ కంటే ముందే గుమ్మడి పువ్వు దగ్గరికి చేరుకుంటారు. ఎందుకంటే ఆ పూట ఒక పెళ్లి జరగాలి. పురోహితుడూ వాళ్లే, పెళ్లిపెద్దా వాళ్లే!

ఒక్క పూట పువ్వు

గుమ్మడి పాదుకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. రెండూ ఒకే తీగకు పూస్తాయి. పెరట్లో పాదు ఉన్నవాళ్లకి తేడా చెప్పక్కర్లేదు. సన్నటి పొడవాటి కాడ మీద నిటారుగా నిలబడేది మగపువ్వు. పొట్టి కాడతో, పువ్వు కింద చిన్న నిమ్మకాయంత గుండ్రటి పిందెతో కనిపించేది ఆడపువ్వు. ముందు మగపూలే వస్తాయి, అదీ పదుల సంఖ్యలో. వారం పది రోజులు ఆగితే గానీ ఆడపువ్వు దర్శనమివ్వదు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆడపువ్వయినా మగపువ్వయినా విచ్చుకునేది జీవితంలో ఒక్కసారే. తెల్లవారుతూనే విచ్చుకుంటుంది. ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. మధ్యాహ్నానికి వాడిపోయి తలవాల్చేస్తుంది. ఈ నాలుగైదు గంటల్లోనే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వు మధ్యలో ఉండే కీలాగ్రం మీదికి చేరాలి. చేరకపోతే పిందె పసుపురంగుకు తిరిగి, ముడతలు పడి, వారం తిరక్కుండా రాలిపోతుంది.

పోనీ గాలి తీసుకెళుతుందా అంటే, గుమ్మడి పుప్పొడి రేణువులు వరి, మొక్కజొన్న పుప్పొడిలా తేలికైనవి కావు. బరువుగా, జిగటగా, ముళ్లుముళ్లుగా ఉంటాయి. గాలికి లేవవు. ఎవరో ఒకరు మోసుకెళ్లాల్సిందే. గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండాలు. అక్కడ ఈ పని కోసమే పుట్టిందా అన్నట్టు ఒక ప్రత్యేకమైన తేనెటీగ జాతి ఉంది. మామూలు తేనెటీగల కంటే ముందే, ఇంకా మసక చీకటి ఉండగానే పనిలోకి దిగుతుంది. నేలలో బొరియ చేసుకుని బతుకుతుంది. మగ ఈగలైతే మధ్యాహ్నం అయ్యేసరికి వాడి ముడుచుకున్న గుమ్మడి పువ్వుల్లోనే దూరి నిద్రపోతాయి! పువ్వు వేళలకు తగ్గట్టుగా తన దినచర్యను మార్చుకున్న జీవి అది.

ఈగలు ఉండగా మనిషికి ఏం పని?

ఈగలు ఇంత బుద్ధిగా పనిచేస్తుంటే మనిషి ఎందుకు చెయ్యి పెట్టడం? దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది కాలం. ఉత్తర అమెరికాలో, యూరప్‌లో ఈ పోటీలు ఎక్కువగా అక్టోబరు మొదట్లో జరుగుతాయి. ఏప్రిల్‌లో ఇంట్లోనే చిన్న కుండీల్లో విత్తనం వేసి, మే నెలలో మొక్కను తోటలోకి మారుస్తారు. జులై మొదటి వారంలో పిందె నిలిస్తే కాయకు తొంభై రోజులకు పైగా సమయం దొరుకుతుంది. మాంచి ఊపులో ఉన్నప్పుడు ఆ కాయ రోజుకు ఇరవై కిలోల దాకా పెరుగుతుంది. అలాంటప్పుడు వానపడి ఈగలు రాక ఒక మంచి ఆడపువ్వు వృథా అయిందనుకోండి... తీగ మీద తర్వాతి ఆడపువ్వు వచ్చేసరికి వారం పది రోజులు పోతాయి. ఆ మేరకు బరువూ పోయినట్టే.

రెండోది ఆకారం. ఆడపువ్వు కీలాగ్రం ఒకే ముద్దలా ఉండదు. నాలుగైదు తమ్మెలుగా చీలి ఉంటుంది. పుప్పొడి అన్నిటికీ సమంగా అందాలి. ఒక పక్కకి అంది, ఇంకో పక్కకి అందకపోతే కాయ వంకరపోతుంది. గుప్పెడంత కాయ వంకరపోతే కూరలోకి పనికొస్తుంది. టన్ను కాయ వంకరపోతే లోపల ఒత్తిడి ఒకచోటే పడి పగిలిపోవచ్చు. లోపలి గుల్ల దాకా చీలిక వచ్చిందంటే ఇక అది పోటీకి పనికిరాదు. ఎంత బరువున్నా సరే!

మూడోది వంశం. ఈగ ఏ పాదు మీద వాలి వచ్చిందో ఎవరికి తెలుసు? పెంచేవాళ్లకి మాత్రం తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నది కచ్చితంగా తెలియాలి. ఎందుకో తర్వాత చూద్దాం.

ముందురోజు సాయంత్రమే ఏర్పాట్లు

మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ ముందురోజు సాయంత్రమే ఆనవాలు ఇస్తుంది. అప్పటిదాకా పచ్చగా ఉన్న మొగ్గ కొస పసుపు రంగుకు తిరుగుతుంది. అది చూడగానే పెంపకందారు ఒక దారప్పోగుతోనో, రబ్బరు బ్యాండుతోనో ఆ ఆడమొగ్గ కొసను మెత్తగా కట్టేస్తారు. తెల్లారి తాను వచ్చేలోపు ఏ ఈగా లోపలికి దూరకుండా అన్నమాట. కొందరు పైన పల్చటి గుడ్డసంచి తొడుగుతారు.

ఆ సాయంత్రమే మూడు నాలుగు మగమొగ్గలను పొడవాటి కాడతో సహా కోసి, ఇంట్లో గ్లాసెడు నీళ్లలో పెడతారు. తెల్లారేసరికి అవి గ్లాసులోనే విచ్చుకుంటాయి. ఈగల కాళ్లు తగలని స్వచ్ఛమైన పుప్పొడి సిద్ధం.

ఇక ముహూర్తం. వెలుతురు రాగానే మగపువ్వు రెక్కలన్నీ తుంచేస్తారు. మధ్యలో పుప్పొడి అద్దుకుని ఉన్న కాడ ఒక్కటి మిగులుతుంది, అచ్చం రంగులో ముంచిన కుంచెలా. ఆడమొగ్గకు కట్టిన దారం విప్పి, కీలాగ్రం తమ్మెల మీద ఒక్కొక్కదాని మీదా ఆ కుంచెను సుతారంగా అద్దుతారు. రుద్దకూడదు, గుచ్చకూడదు. లోపలి భాగం గీరుకుంటే అసలుకే మోసం. ఒక మగపువ్వు సరిపోతుంది గానీ, ఎందుకైనా మంచిదని మూడు నాలుగు వాడతారు. అయిపోగానే ఆడపువ్వు రెక్కలు మళ్లీ దగ్గరికి తెచ్చి దారం కట్టేస్తారు. పక్కనే తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు రాసిన చీటీ వేలాడదీస్తారు. మొత్తం పని ఐదు నిమిషాలు. దాని ఫలితం తెలియడానికి వారం. ఆ వారం రోజులూ ఇంటిల్లిపాదికీ పొద్దున లేచిన వెంటనే ఒకటే పని, పిందె మెరుస్తోందా, వాడుతోందా అని చూసిరావడం!

పువ్వు ఎంపికలోనూ లెక్కలున్నాయి. మొదలుకు మరీ దగ్గరగా వచ్చిన పిందెను ఉంచరు. కాయను పోషించడానికి అప్పటికి తీగకు తగినన్ని ఆకులు ఉండవు. ప్రధాన తీగ మీద పది పన్నెండు అడుగుల దూరంలో వచ్చిన పిందె అయితే ఇష్టపడతారు. కాడ తీగకు లంబంగా ఉండాలి. లేకపోతే కాయ లావెక్కే కొద్దీ దాని భుజం తీగను నెట్టి, కాడను పీకేసే ప్రమాదం ఉంది. కీలాగ్రానికి ఐదారు తమ్మెలున్న పువ్వు దొరికితే కాయ ఇంకా పెద్దదవుతుందని చాలామంది నమ్మకం. రెండు మూడు పిందెలు నిలబెట్టి, కొన్నాళ్లు కొలతలు తీసి, బాగా పెరుగుతున్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి కోసేస్తారు. వెయ్యి చదరపు అడుగుల దాకా, అంటే మన లెక్కలో రెండు సెంట్లు దాటి అల్లుకున్న పాదంతా ఆ ఒక్క కాయ కోసమే పనిచేస్తుంది.

పువ్వు చుట్టూ ఐసుముక్కలు

ఈ పెళ్లికి పెద్ద విఘ్నం ఎండ. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ తగ్గుతుంది, పిందె నిలవడం కష్టమవుతుంది. చల్లటి దేశాలే అయినా జులైలో వడగాలులు వచ్చే రోజులు అక్కడా ఉంటాయి. సరిగ్గా ఆ రోజే ఆడపువ్వు విచ్చుకుంటే? పువ్వుకు వాయిదా వేయడం తెలియదు. అందుకే కొందరు ముందురోజు రాత్రే ఆడమొగ్గ చుట్టూ ఒక ఐసుపెట్టె అమర్చి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు అందులో పెడతారు. పైన గొడుగో, తెల్లగుడ్డో కప్పి నీడ పడతారు. బాలింతకు చేసినంత సేవ! చూసేవాళ్లకు చాదస్తంలా అనిపించవచ్చు. కానీ ఏప్రిల్ నుంచి పడిన చాకిరీ అంతా ఆ ఒక్క పూట మీద ఆధారపడి ఉన్నప్పుడు సీసాడు ఐసు ఎవరికీ ఎక్కువ అనిపించదు.

ఇంటిపేరు అమ్మదే ముందు

ఇక వంశం సంగతి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈరోజు అద్దిన పుప్పొడి ఎంత గొప్పదైనా, ఈ ఏడాది కాయ బరువు దానివల్ల పెరగదు. కాయ తొక్క, కండ అంతా తల్లి పాదు శరీరమే. తండ్రి గుణం చేరేది లోపలి విత్తనాల్లోకి మాత్రమే. అంటే తెల్లవారుజామున లేచి, ఐసు పెట్టి, ఊపిరి బిగబట్టి చేసిన ఆ ఐదు నిమిషాల సంకరం అసలు ఫలితం తెలిసేది వచ్చే ఏడాది, ఆ విత్తనం మొలిచి కాయ కాసిన తర్వాతే!

అందుకే ఈ లోకంలో ప్రతి విత్తనానికీ ఒక జాతకం ఉంటుంది. కాయ బరువు పౌండ్లలో, పండించినవారి ఇంటిపేరు, సంవత్సరం... ఈ మూడూ కలిపితే విత్తనం పేరు. దాని పక్కనే తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత రాస్తారు. 2012లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌కు చెందిన రాన్ వాలెస్ 2,009 పౌండ్ల కాయతో తొలిసారి అమెరికన్ టన్ను హద్దు దాటారు. ఆ విత్తనాన్ని ‘2009 వాలెస్’ అంటారు. కొత్తవాళ్లు 2009 అంటే సంవత్సరం అనుకుని తికమకపడుతుంటారు, అది బరువు! 2014లో స్విట్జర్లాండ్‌కు చెందిన బెని మైయర్ కాయ 1,054 కిలోలు తూగింది. ఆ కాయ విత్తనం ఒక్కదాన్ని 2016లో ఇంగ్లండ్‌లోని ఒక విత్తనాల కంపెనీ 1,250 పౌండ్లు పెట్టి కొన్నది. ఒక్క గింజకు! దాన్ని నాటితే అదే ఏడాది 605 కిలోల కాయ కాసింది.

అయితే ఇదంతా డబ్బు వ్యవహారమే అనుకుంటే పొరపాటు. చాలామంది పెంపకందారులు తమ కాయ విత్తనాలను అడిగినవాళ్లకు ఊరికే పంచిపెడతారు. తిరుగు కవరు, తపాలా బిళ్ల పంపితే చాలు. ఎవరు ఎవరి పుప్పొడి వాడారో, ఎంత కాసిందో దాచకుండా రాసి పెడతారు. ఒకరి పెరట్లో తేలిన మంచి గుణం మర్నాడు ఇంకో దేశంలో మొలకెత్తుతుంది. రికార్డులు ఏటేటా పెరగడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

విండ్సర్ పెద్దాయన

ఈ విత్తనాల వంశవృక్షాన్ని వెనక్కి తిప్పుకుంటూ పోతే చాలావరకు ఒకే గడప దగ్గర ఆగుతాయి. కెనడాలోని నోవాస్కోషియా రాష్ట్రం, విండ్సర్ అనే చిన్న ఊళ్లో హోవార్డ్ డిల్ అనే రైతు ఇల్లది.

అంతకుముందు కథ కూడా చెప్పుకోవాలి. కెనడాకే చెందిన విలియం వార్నాక్ 1900లో పారిస్ ప్రదర్శనకు 400 పౌండ్ల గుమ్మడికాయ తీసుకెళ్లారు. తర్వాత నాలుగేళ్లకు 403 పౌండ్ల కాయతో తన రికార్డు తనే బద్దలు కొట్టారు. అంటే సుమారు 183 కిలోలు. ఆ రికార్డును 1976 దాకా ఎవరూ దాటలేకపోయారు. ఏడు దశాబ్దాలు! మట్టి మారింది, ఎరువులు మారాయి, ట్రాక్టర్లు వచ్చాయి. కాయ మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఆ తాళం తీసినవారిలో ముఖ్యుడు డిల్. పెద్ద చదువులు చదవలేదు. పెద్దగా కాసే పాత రకాలను ఎంచుకుని, తన చేత్తో తానే సంకరం చేస్తూ, మంచివి ఉంచి, మిగతావి తీసేస్తూ ఏళ్ల తరబడి ఓపిక పట్టారు. 1979 నుంచి 1982 వరకు వరసగా నాలుగేళ్లు పోటీల్లో గెలిచారు. 1981లో ఆయన కాయ 493.5 పౌండ్లు, అంటే దాదాపు 224 కిలోలు తూగింది. ఆయన తీర్చిన రకం పేరు ‘అట్లాంటిక్ జెయింట్’. ఇవాళ పోటీలకు వచ్చే టన్ను కాయలన్నీ ఆ రకం సంతతే. డిల్ 2008లో కన్నుమూశారు. ఆయన చేతిలో కాసిన అతిపెద్ద కాయలు ఇవాళ్టి పోటీలో నిలబడవు. కానీ ఇవాళ గెలిచే ప్రతి కాయలోనూ ఆయన పొద్దున్నే లేచి అద్దిన పుప్పొడి ఉంది.

విండ్సర్ వాసులు 1999 నుంచి ఏటా ఇంకో వేడుక కూడా మొదలుపెట్టారు. పెద్ద గుమ్మడికాయలను దొప్పల్లా తొలిచి, వాటిలో కూర్చుని చెరువులో తెడ్లు వేసుకుంటూ పడవ పందేలు ఆడటం!

మన పెరట్లో సంగతి

అట్లాంటిక్ జెయింట్ మన ఎండలకు టన్ను కాయకపోవచ్చు. మన సంతల్లో దొరికే తీపి గుమ్మడి వేరే జాతి, దిష్టికి కట్టే బూడిద గుమ్మడి ఇంకా దూరపు చుట్టం. కానీ చేత్తో పుప్పొడి అద్దే విద్య మాత్రం మన పెరటికీ, మిద్దె తోటకూ అచ్చంగా పనికొస్తుంది. ‘పాదు నిండా పూలే, పిందెలన్నీ రాలిపోతున్నాయి’ అని బాధపడేవాళ్లు చాలామంది ఉంటారు. నాలుగో అంతస్తు మీది మిద్దె తోటకు ఈగలు ఏం వస్తాయి? పక్కింట్లో పురుగుమందు కొడితే ఉన్న ఈగలు కూడా పోతాయి. అలాంటప్పుడు ఎరువు మార్చడం కంటే ఒక మగపువ్వు కోసి అద్ది చూడటం మేలు.

గుర్తుపెట్టుకోవాల్సింది వేళ ఒక్కటే. గుమ్మడి, దోస, కాకర, నేతిబీర పొద్దున్నే విచ్చుకుంటాయి. వీటికి ఆరు, ఎనిమిది గంటల మధ్య అద్దాలి. సొర, పొట్ల, మామూలు బీర సాయంత్రం చీకటి పడే వేళ విచ్చుకుంటాయి. వీటికి దీపాలు పెట్టే వేళే ముహూర్తం. సొర పుప్పొడి గుమ్మడికి పనికిరాదు. ఏ జాతి పువ్వుకు ఆ జాతి పుప్పొడే వాడాలి. విత్తనం దాచుకోవాలనుకుంటే ఆడమొగ్గకు ముందురోజు దారం కట్టడం మరిచిపోవద్దు. పక్క పెరట్లో ఇంకో రకం గుమ్మడి ఉంటే, దారం కట్టని కాయ తినడానికి బాగానే ఉంటుంది గానీ, దాని విత్తనం వచ్చే ఏడాది ఏం కాస్తుందో చెప్పలేం.

పత్తిచేను పాఠం

చేతితో పుప్పొడి అద్దడం తెలుగు నేలకు కొత్త కాదు. గద్వాల, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే చేలల్లో జరిగేది ఇదే పని. అక్కడ దీన్ని ‘క్రాసింగ్’ అంటారు. పత్తిలో ఒకే పువ్వులో రెండూ ఉంటాయి కాబట్టి, సాయంత్రం మొగ్గలో కేసరాలు గిల్లేస్తారు. మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు తెచ్చి పుప్పొడి అద్దుతారు. అక్కడ పేటన్ సోదరులది ఒక్క పాదు, ఒక్క కాయ. ఇక్కడ నెలల తరబడి రోజూ వేల పూలు. నడుములు పడిపోయే పని. సన్నటి వేళ్లు కావాలన్న నెపంతో బడి ఈడు ఆడపిల్లలను ఆ చేలల్లోకి దించిన రోజులు చాలాకాలం సాగాయి. దాని మీద పోరాటాలూ జరిగాయి. ఒకే ఐదు నిమిషాల పని ఒకచోట సరదా, ఇంకోచోట కూలి. పత్తి విత్తనం ప్యాకెట్టు విప్పిన ప్రతిసారీ ఆ చేతులు గుర్తుకు రావాలి.

ఏ పువ్వు అయినా అడిగేది ఒక్కటే, వేళకు రావడం. ఈగలు ఆ పనిని జీతం లేకుండా, సెలవు లేకుండా చేసి పెడుతున్నంత కాలం దాని విలువ తెలియదు. గ్లాసులో మగపువ్వు పెట్టుకుని, ఒక్క కాయ కోసం తెల్లవారుజామున చలిలో నిలబడ్డవాళ్లకి బాగా తెలుసు.

మీ పందిరి మీద ఈ సాయంత్రం కొస పసుపెక్కిన ఆడమొగ్గ కనిపించిందా? అయితే ఒక దారప్పోగు కట్టి పెట్టండి. రేపు పొద్దున్నే కాఫీ కంటే ముందు తోటలోకి ఒకసారి వెళ్లిరండి. టన్ను కాయకపోయినా, పులుసులోకి నాలుగు ముక్కలు గ్యారంటీ!